నత్త మాస్టారి మరణంపై భిన్నాభిప్రాయాలు

ఫిబ్రవరి 3

ఒరే తమ్ముడూ,

ఫోన్ చేస్తే నా మాట సగంలో ఉండగానే నవ్వేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద నాకు అడ్డం రాలేవు కదా.

శనివారం సాయంత్రం నీ ప్రోగ్రాం చూశాం. జాజ్ వాయించేవాళ్ళ మీద డాక్యుమెంటరీ అన్నావు. అలాగే ఉంది కూడా. నలుపు తెలుపు ఫొటోలు, పొగ, గడ్డాలు పెంచిన పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని నిట్టూర్చడం. ఆ నత్త మాస్టారు ట్రంపెట్ పెదవుల దగ్గర పెట్టుకుని, ఊదకుండా అలా నిలబడే ఉంటాడు. ఒక గడ్డమాయన "ఆయన ఊదని స్వరాలే ఆయన గొప్ప స్వరాలు" అంటాడు. ఇంకో గడ్డమాయన కళ్ళు తుడుచుకుంటాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను మీ బావ ముఖం చూశాను. అక్కడా ఏమీ దొరకలేదు. చివర్లో నత్త మాస్టారు పోయాడని చెప్పగానే ఆయన టీవీ కట్టేసి, "ఎప్పుడు పోయాడట?" అన్నారు. నాకేం తెలుసు?

ఇక కళ్ళద్దాల షాపులో నా ప్రాణం తీస్తున్నారు. అది రాసింది నా తమ్ముడని మా ఓనరు ఊరంతా చెప్పాడు. బోర్డు మీది అక్షరాలు చదవండి అంటే, చదవడం మానేసి అభిప్రాయాలు చెబుతున్నారు. బ్యాంకు క్యాషియరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడట. రిటైరైన పోస్ట్‌మాస్టరు ఏడ్చాడట, అంత గొప్పవాణ్ణి బతికుండగా ఎవరూ పట్టించుకోలేదని. ఇద్దరూ నా కౌంటరు ముందే కేకలేసుకున్నారు. స్కూల్లో సంగీతం చెప్పే టీచరమ్మ, సంగీతాన్ని వెక్కిరించే ఇంటివాళ్ళ దగ్గర అద్దాలు కొననని విసురుగా వెళ్ళిపోయింది.

ఇదంతా ఒక ఎత్తు. మీ బావ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్చుకునేవాళ్ళకి, "నేను ఆయన పక్కనే డ్రమ్స్ వాయించాను" అని చెబుతున్నారట. హోటల్ బ్యాండులో ఆయన వాయించిన మాట నిజమే. కానీ నత్త మాస్టారి పేరు ఈ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. సూటిగా చెప్పు. అలాంటి మనిషి ఉన్నాడా? లేకపోతే మీ బావని డాక్టరుకి చూపించాలి.

విసిగిపోయిన
మీ అక్క

---

ఫిబ్రవరి 9

అక్కా,

సూటిగానే చెబుతున్నాను. నత్త మాస్టారు లేడు. ఎప్పుడూ లేడు. క్యాంటీన్‌లో టీ చల్లారేలోపు నేను పుట్టించాను. ఫొటోల్లో ఉన్నది మా మేకప్ ఆయన. సమాధి అట్టముక్క. అది డాక్యుమెంటరీ కాదక్కా, డాక్యుమెంటరీల మీద పేరడీ. ఆ నిట్టూర్పుల్ని, ఆ పొగని సరదాగా ఆటపట్టించాం, అంతే.

నీ కౌంటరు ముందు ఇద్దరే. నా బల్ల మీద చూడు. జాజ్ అభిమానుల సంఘంవాళ్ళు క్షమాపణ చెప్పమంటున్నారు. ఒకాయన వెక్కిరింత చాల్లేదు, జాజ్‌కి ఇంకా గట్టిగా పడాల్సింది అన్నాడు. ఒకావిడ నత్త మాస్టారి రికార్డులు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. లేవండీ అని రాస్తే, దాచిపెట్టామని మా మీద ఫిర్యాదు చేసింది. నవ్వు రాలేదన్నవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. 'ఎంతో నిజాయితీగా తీశారు' అని మెచ్చుకున్నవాళ్ళని ఏం చేసుకోను?

బావకి డాక్టరెందుకు? బావకి కోతలు కోయడం కొత్తా? తన డ్రమ్స్ విని హోటల్లో జనం తినడం మరిచిపోయి చెంచాలు పట్టుకుని కూర్చునేవాళ్ళని మనకి చెప్పలేదూ? టీవీలో కనపడ్డ మనిషి పక్కన తనకీ కాస్త చోటు కావాలి. డ్రైవింగ్ స్కూల్లో చెప్పుకుంటే చెప్పుకోనీ, పేపరువాళ్ళ దాకా పోకుండా చూడు.

తల బద్దలవుతున్న
తమ్ముడు

---

ఫిబ్రవరి 15

ఒరే,

నీ ఉత్తరాలు మీ బావకి పైకి చదివి వినిపిస్తానని నీకు తెలుసు కదా. ఈసారీ అలాగే మొదలుపెట్టాను. 'కోతలు' అన్న మాట నోట్లోంచి వచ్చేశాక గానీ ఏం చదువుతున్నానో నాకు తట్టలేదు. ఆపేస్తే, "చదువు, చదువు" అన్నారు. మిగతాదంతా వాతావరణ వార్తల్లా గబగబా చదివేశాను. ఆయన లేచి వెళ్ళి, శుభ్రంగా ఉన్న బూట్లని మళ్ళీ తుడుచుకుంటూ కూర్చున్నారు.

నువ్వు అక్కర్లేదన్నా, బీపీ చూపిద్దామని చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చేతికి పట్టీ చుట్టి గాలి కొడుతుంటే నేను డాక్టరు చెవిలో, "లేని మనిషిని ఉన్నాడంటున్నారండీ" అన్నాను.

"ఎవర్ని?"

"టీవీలో వచ్చాడు చూడండి, నత్త మాస్టారు."

"లేడా!" అన్నాడు డాక్టరు. ముఖం పాలిపోయింది పాపం. "మా ఇంట్లో అందరం ఒక నిమిషం లేచి నిలబడ్డామే!"

"అది వేళాకోళం సార్. మేం పడీపడీ నవ్వాం" అంది నర్సు. ఇక ఇద్దరూ మొదలుపెట్టారు. చావు మీద జోకులేమిటని ఆయన, జోకు అర్థం కాకపోతే నేనేం చేయనని ఆవిడ. మీ బావ చేతికి పట్టీ బిగుసుకుపోయి వేళ్ళు ఎర్రబడ్డాయి. నేనే విప్పాను. బీపీ ఎంతో ఎవరూ చెప్పలేదు.

మర్నాడు సెలవు పెట్టి, సంచిలో రెండు జతల బట్టలు సర్దుకున్నారు. ఎక్కడికండీ అంటే, "పరామర్శకి" అన్నారు. ఎవరు పోయారండీ అంటే, "నేను కోసిన కోత" అని బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఇంకా రాలేదు. ఫోన్ ఇంట్లోనే వదిలేశారు. నీ హాస్యం సంగతి నాకు తెలియదు గానీ, నా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వడం లేదు.

అక్క

---

ఫిబ్రవరి 21

అక్కా,

కంగారు పడకు. బావ ఎందుకు వెళ్ళాడో నాకు తెలిసింది. నా పరువు తీయడానికి.

నిన్న మా ఆఫీసుకి ఒక ముసలాయన వచ్చాడు. మెడ దాకా గుండీలు పెట్టుకున్న ఇస్త్రీ చొక్కా. గోళ్ళలో మట్టి. రిసెప్షన్ బల్ల ముందు నిలబడి, "నేను... బతికే ఉన్నాను" అన్నాడట. ఇంకేముంది, రిసెప్షన్ అమ్మాయి పకపకా నవ్వింది. గేటు దగ్గరుండే వాచ్‌మన్ ఆయన పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. నేను బయటికి వచ్చేసరికి ఎడిటింగ్ గదిలోవాళ్ళంతా చుట్టూ చేరి చప్పట్లు కొడుతున్నారు. మాటకీ మాటకీ మధ్య ఆయన అంతంతసేపు ఆగుతుంటే మా ఎడిటరు నవ్వలేక నేల మీద కూలబడ్డాడు.

నాకూ నవ్వొచ్చింది. "భలే చేశారండీ, మిమ్మల్ని మా బావ పంపాడా?" అన్నాను. నా వంకే చూస్తూ చాలాసేపు ఆగి, "అవును. ఆయనే వెళ్ళమన్నాడు" అన్నాడు. దొరికిపోయాడు కదా! కోపం వచ్చేసింది. ఇక్కడ ఒక పక్క క్షమాపణల గొడవలు, ఇంకో పక్క ప్రోగ్రాం హెడ్ చిందులు. "ఇక చాలు, మాకు పనుంది" అని భుజం పట్టుకుని లిఫ్ట్ ఎక్కించాను. ఏదో చెప్పబోయాడు. చెప్పేలోపు తలుపులు మూసుకుపోయాయి.

ఒక మాట తూలినందుకు బావ నాకు ఇంత పెద్ద నాటకం వేయాలా? ఇంటికి వచ్చాక అడుగు, ఆ వేషగాణ్ణి ఎక్కడ పట్టుకొచ్చాడో. మనిషి మాత్రం బాగా దొరికాడు. మేకప్ ఆయనకంటే నయం.

తమ్ముడు

---

ఫిబ్రవరి 26

నీకు బుద్ధుందా?

నువ్వు భుజం పట్టి లిఫ్ట్‌లోకి తోసినాయన ఎవరో తెలుసా? మీ బావతో హోటల్ బ్యాండులో ట్రంపెట్ వాయించినాయన. బ్యాండులో అందరూ 'లేటు' అని పిలిచేవాళ్ళట. మిగతావాళ్ళంతా పాట ఎత్తుకున్నాక, ఆయన కాస్త ఆగి ఎత్తుకునేవాడట. ట్రంపెట్ పెదవుల దగ్గరే పెట్టుకుని అలా నిలబడేవాడట. "అందరూ వాడు లేటు అనేవాళ్ళు. నిజానికి మేమే తొందరపడేవాళ్ళం" అంటున్నారు నిన్న తిరిగొచ్చిన మీ బావ. చివరికి హోటల్ మేనేజరు ఉద్యోగంలోంచి తీసేశాడట.

టీవీలో ముఖం వేరే అయినా, నిలబడ్డ తీరు, ఆగిన తీరు, ఆ గడ్డాలవాళ్ళు చెప్పిన 'స్వరం ఇంకా దారిలో ఉంది' అన్న ముక్క, అన్నీ ఆయనవే. పుట్టించానని నువ్వు రాసినా, ఎవరో వేషం కట్టి ఆయన కథ చెబుతున్నారనీ, మనిషి నిజంగానే పోయాడనీ మీ బావ నమ్మేశారు. పరామర్శకని పాత అడ్రసు వెతుక్కుంటూ వెళితే, కూతురు నడుపుతున్న మొక్కల నర్సరీలో గొట్టంతో నీళ్ళు పోస్తూ ఆయనే ఎదురయ్యాడట. మీ బావ అక్కడే మట్టి బస్తా మీద కూలబడ్డారట.

"టీవీలో రాసింది మా బావమరిదే, వెళ్ళి ఒకసారి కనపడండి, సరిచేస్తాడు" అని ధైర్యం చెప్పి పంపింది మీ బావే. దానికి నువ్వు చేసిన మర్యాద ఇది.

ఇంకో సంగతి. మా ఇంట్లో ఉండి చదువుకున్నావే, ఆ రోజుల్లో నేను షాపు మూసి వచ్చేసరికి మీరిద్దరూ తినేసేవాళ్ళు. ఆ తినేటప్పుడు మీ బావ నీకు లేటు గారి కథలే చెప్పేవారట. నువ్వు పొలమారేలా నవ్వేవాడివట. క్యాంటీన్‌లో నువ్వు పుట్టించిన మనిషి ఆయనేరా. ఎవరు చెప్పారో మరిచిపోయావు, కథ మాత్రం మిగుల్చుకున్నావు.

వెక్కిరించినందుకు మీ బావకి కోపం లేదు. "పుట్టించాను" అన్నావు చూడు, అక్కడ తగిలింది.

అక్క

---

మార్చి 5

అక్కా,

నీ ఉత్తరం రాగానే నర్సరీకి వెళ్ళాను. కుండీల వరసల మధ్య ఎదురుచూస్తుంటే ఆయన కూతురు వచ్చింది. నేనెవరో చెప్పాను. "పూలమొక్కలు అటు, పండ్లమొక్కలు ఇటు, బయటికి దారి అటు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన మాత్రం నాకు ప్లాస్టిక్ స్టూలు వేశాడు. నేను తడబడుతూ క్షమాపణ చెప్పాను. వింటూ ఒక మొక్కకి పుల్ల కట్టాడు. కట్టడం అయ్యాక, "నా పాట ఎవరు ఊదారు?" అన్నాడు. మా స్టూడియోలో ఒకాయన అన్నాను. ఇంకో మొక్కకి పుల్ల కట్టి, "తొందరపడి ఉంటాడు" అన్నాడు. కోపంగా ఉందా అని అడిగాను. ప్రోగ్రాం తాను చూడనే లేదట, కూతురు చూడనివ్వలేదట. "చూడకుండా కోప్పడితే ఎలా?" అన్నాడు.

తిరిగి వచ్చి మా హెడ్‌కి అంతా చెప్పాను. ఆయన ఎగిరి గంతేశాడు. "అద్భుతం! చనిపోయినవాడు బతికి రావడం! రెండో భాగం తీద్దాం!" నిజమండీ, నిజం మనిషి అంటే, "అదే, అలాగే చెప్పు, ముఖం అలాగే పెట్టు" అంటాడు. పోట్లాడి, వార్తల తర్వాత ఒక ప్రకటన వేయించాను. 'మా కార్యక్రమంలోని పాత్రను పోలిన సంగీత కళాకారుడు ఒకరు సజీవంగా ఉన్నారు, చింతిస్తున్నాము' అని. ఫలితం విను. సగంమంది, మొదటి జోకుకంటే ఇదే బాగుంది అన్నారు. మిగతా సగం, ఒకే జోకుని ఎంతకాలం సాగదీస్తారు అన్నారు. చింతిస్తున్నారని ఒక్కడూ నమ్మలేదు. అబద్ధం చెబితే నిజమన్న జనానికి నిజం చెబితే అబద్ధంగా ఉంది. గోడకి తల కొట్టుకోవాలనిపిస్తోంది.

ఈ నెలాఖరులో మళ్ళీ ప్రసారం చేస్తారట. దాని కాపీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మీ ఇంటికి వచ్చి ఆయన చూడాలి. చూసి ఏం చేయమంటే అది చేస్తాను. నేనూ వద్దామనుకున్నాను గానీ, నేనుంటే తను రానని కూతురు చెప్పింది.

బావ నాతో మాట్లాడతాడా?

తమ్ముడు

---

మార్చి 14

తమ్ముడూ,

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు. తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. కూతురు కూర్చోలేదు, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

ప్రోగ్రాం మొదలైంది. నీ నత్త మాస్టారు ట్రంపెట్ ఎత్తి నిలబడ్డ చోట, ఈయన చెయ్యి కూడా తెలియకుండానే నోటి దాకా లేచింది. మీ బావకి నవ్వు తన్నుకొస్తోంది. దగ్గుతున్నట్టు నటించారు. ఈయన అటు తిరిగి, "నవ్వు. ఆపుకోకు" అన్నాడు. అంతే, మీ బావ భళ్ళున నవ్వేశారు. ఈయనా నవ్వాడు, కాకపోతే అప్పటికి టీవీలో వేరే సీను వచ్చేసింది.

"మీకు నవ్వులాటగా ఉందా?" అంది కూతురు. "నాన్న కోసం హోటలు వంటగది తలుపు దగ్గర నేను కూర్చునేదాన్ని. వెయిటర్లు చెంచాలు నోటి దగ్గర పెట్టుకుని నాన్నలా నిలబడి నవ్వేవాళ్ళు. నాన్నని తీసేసిన రోజూ నవ్వారు. ఇప్పుడు ఊరూరా నవ్వుతున్నారు. గొప్పవాడన్నవాళ్ళు కూడా ఊదనివే గొప్పవంటున్నారు. మా నాన్న ఊదినవి ఎవరికైనా గుర్తున్నాయా?"

చెప్పులు వేసేసుకుంది.

అప్పుడు మీ బావ టీవీ కట్టేశారు. రెండు చేతివేళ్ళతో బల్ల మీద మెల్లగా తాళం మొదలుపెట్టి, ఒక పాట కూనిరాగం తీశారు. బల్ల మీద దెబ్బ పడ్డాక ఆగి, కాస్త ఆగి, అప్పుడు స్వరం అందుకోవడం. మొదట్లో ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది నాకు. తర్వాత్తర్వాత ఆ ఆగే చోటు కోసం నేనే ఎదురుచూశాను. ఏదో ఒక సాయంత్రం హోటల్లో లేటు గారు వాయించిందట. మొదటి నుంచి చివరి దాకా మీ బావకి గుర్తుంది. ముసలాయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక చోట మాత్రం వేలు ఎత్తి, "అక్కడ కాదు. ఇంకొంచెం" అన్నాడు. మీ బావ వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకున్నారు. కూతురు చెప్పులతోనే గుమ్మంలో నిలబడిపోయింది. వెళ్ళలేదు.

మిగతాది కూడా చూసి ఆయన చెప్పింది ఇది: "మళ్ళీ వేస్తే వేసుకోమనండి. నేను పోయినట్టు మాత్రం వద్దు. మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళు నన్ను చూసి జడుసుకుంటున్నారు."

కూతురు మాత్రం, వేయడానికే వీల్లేదంది. దారి పొడుగునా వాదించుకుంటూనే వెళ్ళారు. వాదించింది ఆవిడే అనుకో.

మీ బావ నీతో మాట్లాడతారు. ముందు నువ్వు ఆ పని చెయ్యి.

అక్క

---

ఏప్రిల్ 2

అక్కా,

చేశాను.

చావు తీసేద్దామని హెడ్‌ని అడిగాను. "జాజ్ డాక్యుమెంటరీ అన్నాక చివర్లో ఎవరో ఒకరు పోవాలయ్యా! లేకపోతే దాన్ని వెక్కిరించినట్టు ఎలా తెలుస్తుంది?" అన్నాడు. అడగడం మానేసి, ప్రసారానికి ముందు నేనే ఎడిటింగ్ గదిలో కూర్చుని కోసేశాను. అట్టముక్క సమాధి పోయింది, కన్నీళ్ళ గడ్డాలు పోయాయి. ఆయన ట్రంపెట్ ఎత్తి నిలబడ్డ దగ్గర బొమ్మ ఆగి చీకటైపోతుంది. అంతే.

జనం ఊరుకుంటారా? ప్రసారం తెగిపోయిందని కొందరు ఫోన్ చేశారు. చివర కోసేసి మోసం చేశారని కొందరు. ఇంత గొప్ప ముగింపు టీవీలో చూడలేదని ఒక ప్రొఫెసరు రాశాడు. జాజ్ అభిమానుల సంఘం రెండుగా చీలిపోయిందట. రెండు ముక్కలవాళ్ళూ నన్నే తిడుతున్నారు.

హెడ్ నన్ను హాస్య విభాగంలోంచి వాతావరణ విభాగానికి మార్చాడు. రేపు వాన పడుతుందో లేదో రాస్తున్నాను. ఇక్కడ కూడా సగంమంది నమ్మరు.

బావ ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడుకున్నాం. నా ప్రోగ్రాంలో డ్రమ్స్ ఎంత దరిద్రంగా ఉన్నాయో మొదటి నుంచీ వివరంగా చెప్పాడు. ప్రాణం లేచొచ్చింది.

ఒక్కటే మిగిలింది. ఆవిడకి క్షమాపణ రాశాను, జవాబు లేదు. రెండోసారి చూసిందో లేదో తెలియదు. వీల్లేదన్నా వేశాం కదా. ఎవరేమన్నా తుడుచుకుని పోవడం అలవాటైంది గానీ, ఇది పోవడం లేదు.

తమ్ముడు

---

ఏప్రిల్ 10

తమ్ముడూ,

నిన్న ఆవిడ మా షాపుకి వచ్చింది. తండ్రికి కళ్ళద్దాలు కావాలట. ఆయన కుర్చీలో కూర్చుని బోర్డు మీది ఒక్కో అక్షరాన్నీ కాసేపు చూసి, తృప్తిగా చదువుతున్నాడు. వెనక మనుషులు బారులు తీరారు. మా ఓనరు గడియారం చూసుకుంటున్నాడు. నేనూ ఆవిడా కౌంటరు దగ్గర నిలబడ్డాం.

తనే అంది, "మొన్న మళ్ళీ వేశారు కదా, చూశాను."

నేను ఒక ఫ్రేము తీసి తుడుస్తూ నిలబడ్డాను.

"మీ తమ్ముడి మీద నాకు కోపం పోలేదు. అది చెప్పండి."

"చెబుతానమ్మా."

తండ్రి వంక చూసింది. ఆయన ఇంకా మూడో వరసలోనే ఉన్నాడు.

"ఒక చోట మాత్రం నవ్వొచ్చింది" అంది, నాకు మాత్రమే వినపడేలా. "నాన్న పక్కనే ఉన్నాడు. నన్ను చూసి ఆయనా నవ్వాడు."

"ఎక్కడ?" అన్నాను ఆత్రంగా. నీకు రాద్దామని.

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"చెప్పను. మీ తమ్ముడు రాసేసుకుంటాడు."

ఉంటాను,
అక్క